డబ్బా మీద ఏం రాశావు?

మా అబ్బాకి నరసరావుపేటలో గాజుల దుకాణం. ఊళ్ళో అందరూ ఆయన్ని గాజుల సాయిబు అనే అంటారు. అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా వినపడదు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ నౌకరీ చేస్తానని ఆయనకి తెలుసు. ఆ నౌకరీలో రోజంతా ఏం చేస్తానో మాత్రం ఎప్పుడూ సమజ్ కాలేదు. అడిగినప్పుడల్లా "కంప్యూటర్ పని అబ్బా" అని దాటేసేవాణ్ణి. 2023 ఎండాకాలంలో నా చేతి మీదుగా ఒక గల్తీ జరిగింది. అప్పుడు మాత్రం దాటేయలేకపోయాను, కూర్చుని మొత్తం చెప్పాను. అంతా విని ఆయన అడిగిన ఒక్క సవాలే పైన పెట్టాను.

మీకూ మొదట్నించీ చెప్తాను. కంప్యూటర్ మాటలు వస్తాయి గానీ పరేషాన్ కాకండి, అబ్బాకి అర్థమైంది కాబట్టి మీకూ అవుతుంది.

మన ఇళ్ళల్లో 'పతా' అనే మాటకి రెండు అర్థాలు. ఉత్తరం మీద రాసేదీ పతాయే, "ముఝే పతా నహీ" అన్నప్పుడు తెలియడమూ పతాయే. ఇంటర్నెట్‌లో ఈ రెండూ నిజంగానే ఒకటి. మీరు ఫోన్‌లో బ్యాంకు పేరో పేపర్ పేరో కొడతారు. యంత్రాలకి పేర్లతో పని జరగదు, వాటికి నంబర్లు కావాలి. ఈ పేరుకి నంబరు ఏమిటని ఎవరో ఒకరు అడిగి తెలుసుకుని రావాలి. ఒకప్పుడు, ఆర్పానెట్ జమానాలో, ఈ పతాలన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. అమెరికాలో ఒక సంస్థ ఆ దఫ్తర్ చూసుకునేది, మిగిలినవాళ్ళు దాన్ని నకలు చేసుకునేవాళ్ళు. యంత్రాలు పెరిగేకొద్దీ అది సాగలేదు. 1983లో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన, ఎవరి మొహల్లా హిసాబ్ వాళ్ళే రాసుకునే పద్ధతి ఒకటి తయారుచేశాడు. దాన్నే డీఎన్ఎస్ అంటారు. 1987లో రాసిన దాని ఖాయిదాల మీదే ఇవాళ్టికీ ఇంటర్నెట్ నడుస్తోంది. మన తెలుగు లిపిలో '.భారత్' అని ఉంది, ఉర్దూ లిపిలోనూ అదే పేరు ఉంది. మనం ఏ లిపిలో కొట్టినా, వెతకడానికి వెళ్ళే ముందు అది ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలతో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాలుగా మారుతుంది. దఫ్తర్‌లో మనిద్దరి పేర్లూ అలా నఖాబ్ వేసుకునే ఉంటాయి.

ఈ అడిగి తెచ్చే పని చేసే సాఫ్ట్‌వేర్‌లలో ఒకటి సి-ఏరీస్. ఇది మనుషులు నేరుగా వాడే యాప్ కాదు, లైబ్రరీ. అంటే వేరే ప్రోగ్రాములు తమ లోపల పెట్టుకుని పని చేయించుకునే సామాను. మామూలు పద్ధతిలో పతా అడిగితే, జవాబు వచ్చేదాకా ప్రోగ్రామ్ గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది. సి-ఏరీస్ అలా నిలబడదు. ఒకేసారి ఇరవై పతాలు అడిగేసి, తన పని తను చేసుకుంటూ, జవాబులు వచ్చినప్పుడు వచ్చినట్టు అందుకుంటుంది. నోడ్‌జేఎస్, వైర్‌షార్క్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్‌లు దీన్ని వాడతాయి. మా కంపెనీ రాసిన ప్రోగ్రామూ వాడుతుంది.

కంపెనీ పేరెందుకులెండి. చిన్న చిన్న ఊళ్ళల్లో రక్తపరీక్షల ల్యాబ్‌లకి సాఫ్ట్‌వేర్ ఇస్తాం. బ్రాంచిలో తీసిన శాంపిల్ వివరాలు పెద్ద ల్యాబ్‌కి చేర్చడం, రిపోర్టు తిరిగి బ్రాంచికి తేవడం మా ప్రోగ్రామ్ పని. అలాంటి ప్రోగ్రాములు మా దగ్గర ఐదున్నాయి. ఐదింటి కడుపులోనూ సి-ఏరీస్ నకలు ఒక్కొక్కటి ఉండేది.

2023 మే నెలలో సి-ఏరీస్ కొత్త వెర్షన్ 1.19.1 వచ్చింది. పాతదాంట్లో ఒక లోపం బయటపడింది. జవాబు వచ్చే దారిలో ఎవరైనా బద్మాష్ ఖాళీ లిఫాఫా ఒకటి పంపితే, అవతలివాళ్ళు మాట తెంచేశారనుకుని ఇది వెతకడం మానేసేది. కొత్తదాంట్లో దాన్ని సరిచేశారు. సరిచేసిన దాన్ని మా ఐదు ప్రోగ్రాముల్లోనూ విడివిడిగా మార్చాలి. ఇలా ఎన్నాళ్ళు అనుకుని నేనే ఒక తజ్వీజ్ పెట్టాను: లైబ్రరీని బయటికి తీసి వేరే ప్యాకేజీగా కడదాం. ప్రతి మెషీన్‌లో ఒక్కటే ఉంటుంది, ఐదు ప్రోగ్రాములూ దాన్నే వాడుకుంటాయి, రేపు మళ్ళీ లోపం వస్తే ఒక్కచోట మారిస్తే చాలు. బాస్ సరే అన్నాడు. పని నాకే వచ్చింది.

నిజం చెప్తాను, నాకు చిన్నతనంగా అనిపించింది. కోడ్ రాసేవాడు కోడ్ రాస్తాడు, ఇది మూటకట్టే పని కదా అనుకున్నాను. వారంలో అయిపోతుందనుకున్నాను.

మా బ్రాంచి మెషీన్లన్నీ డెబియన్ మీద నడుస్తాయి. డెబియన్ ప్యాకేజీ కట్టాలంటే, తెచ్చిన అసలు కోడ్ పక్కన ఒక చిన్న ఫోల్డర్ పెట్టి అందులో కొన్ని కాగితాలు రాయాలి. ఇందులో ఏముంది, దీనికి ఇంకేం కావాలి అని ఒకటి. ఎలా కట్టాలి అని ఒకటి. ఏ రోజు ఎవరు ఏం మార్చారు అని ఒకటి. ఎవరి మాల్, ఏ షర్తు మీద ఇచ్చారు అని ఒకటి.

ఈ చివరిదాని దగ్గరే మొదటిసారి నెమ్మదించాను. సి-ఏరీస్ మూలం ఎంఐటీలో గ్రెగ్ హడ్సన్ రాసిన ఏరీస్. కోడ్‌లో 1998 అని ఎంఐటీ పేరు ఉంటుంది. దాన్ని తీసుకుని డేనియల్ స్టెన్‌బర్గ్ పెంచాడు, తర్వాత ఎంతోమంది చెయ్యి వేశారు. ఇదంతా తెలుసు కాబట్టి ఒక్క పేరాలో రాసేద్దామనుకున్నాను. ఫైళ్ళు ఒక్కొక్కటే తెరిచి చూస్తే, కొన్నింటి మీద ఇంటర్నెట్ సాఫ్ట్‌వేర్ కన్సార్టియమ్ వాళ్ళ పేరుంది, వాళ్ళ షర్తు వేరే మాటల్లో ఉంది. వాడుకోవడానికి అందరూ ఇజాజత్ ఇచ్చినవాళ్ళే. డబ్బులు అడగరు. మా పేరు చెరపొద్దు, ఈ మాటలు వెంట ఉంచండి అని మాత్రం అడుగుతారు. ఫైలు ఫైలుకీ చూసి రాయడానికి రెండు రోజులు పట్టింది.

చిన్నప్పుడు ఫిరోజాబాద్ నుంచి గాజులు వచ్చేవి. డబ్బాల మీద అక్కడి కార్ఖానా చీటీ ఉండేది. బజారులో కొందరు దాన్ని పీకేసి తమ దుకాణం చీటీ అతికించుకునేవాళ్ళు. అబ్బా ఆ పని చేయలేదు. తన చీటీ పక్కన అతికించేవాడు. "కాల్చినోడు ఒకడు, అమ్మేది నేను. ఇద్దరిదీ ఉండాల" అనేవాడు. కాపీరైట్ ఫైలు రాస్తుంటే ఆ జిగురు వాసన గుర్తొచ్చింది.

తర్వాత పరీక్ష. ప్యాకేజీని ఖాళీ గదిలాంటి చోట కట్టాలని డెబియన్ నియమం. నా మెషీన్‌లో ఉన్న సామాను ఏదీ అక్కడ ఉండదు, ఏం కావాలో కాగితం మీద రాస్తేనే వస్తుంది. ఇంకో షర్తు, కట్టేటప్పుడు బయటి ఇంటర్నెట్ తాకకూడదు. ఇవాళ ఎలా కట్టానో రేపు ఇంకొకడు కట్టినా అలాగే రావాలి కదా. ఇక్కడే తమాషా. పతాలు వెతికే లైబ్రరీని వీధి తలుపు మూసేసి పరీక్షించాలి! సి-ఏరీస్ రాసినవాళ్ళు ఈ సంగతి ముందే ఆలోచించారు. నిజం ఇంటర్నెట్ కావాల్సిన పరీక్షలకి 'లైవ్' అని పేరు పెట్టి విడదీశారు, వాటిని పక్కన పెట్టొచ్చు. మిగిలినవాటికి పరీక్షే తన లోపల ఒక నఖలీ సర్వర్‌ని నిలబెట్టుకుని, దానిచేత తప్పు జవాబులు, ఆలస్యపు జవాబులు, సగం తెగిన జవాబులు ఇప్పించి చూస్తుంది. మొదటి రోజు నాకది తెలియక లైవ్ పరీక్షలూ నడిపాను, వరసగా ఎర్రగీతలు వచ్చాయి. రాత్రి పదకొండు దాకా నా కోడ్‌లో తప్పు వెతికాను. తప్పు లేదు, తలుపు మూసి ఉంది, అంతే.

ఇవన్నీ దాటాను. లైబ్రరీ ఫైలు పేరు చివర '2' అని ఒక అంకె ఉంటుంది. అది గాజు సైజు లాంటిది. పాత ప్రోగ్రాములకి పట్టనట్టుగా లైబ్రరీని మార్చేస్తే ఆ అంకె మార్చి తీరాలి. సి-ఏరీస్ వాళ్ళు ఏళ్ళ తరబడి ఆ రెండుని కాపాడుకుంటూ వచ్చారు. పాత గుణాలు చెడగొట్టకుండా కొత్తవి చేరుస్తూ పోయారు. సైజు ఒకటే కదా, ఇంకేం ఫికర్ అనుకున్నాను.

మా ప్రోగ్రామ్ ప్యాకేజీలో "దీనికి ఏం కావాలి" అనే వరస ఉంది. దాన్ని యంత్రం చేత లెక్కకట్టించి రాయించే పద్ధతి ఉంది. అదేదో హెచ్చరికలు ఇస్తుంటే విసుగొచ్చి, నా చేత్తో రాసేశాను: సి-ఏరీస్ లైబ్రరీ కావాలి. ఏ వెర్షన్ నుంచి అనేది రాయలేదు. ఒక నంబరు, అంతే. రాయలేదు.

ముప్పై ఒక్క బ్రాంచీల్లో ముప్పయ్యింటికి లైబ్రరీ, ప్రోగ్రామ్ రెండూ నెట్ మీదుగా వెళ్ళాయి. ఖుషీగా పని చేశాయి. ముప్పై ఒకటోది పల్నాటి వైపు చిన్న ఊళ్ళో ఉంది. అక్కడ నెట్ లైన్ నత్తలాగా ఉంటుంది. అటు వెళ్ళే మనిషి చేతికి పెన్‌డ్రైవ్ ఇచ్చాం. ప్రోగ్రామ్ ప్యాకేజీ పెట్టాం, లైబ్రరీది పెట్టడం మర్చిపోయాం. డెబియన్ ఇలాంటి మరుపునే పట్టుకోవాలి. కావాల్సింది లేకపోతే ఇన్‌స్టాల్ కానివ్వదు. కానీ ఆ పాత మెషీన్‌లో వేరే దేనికోసమో ఎప్పుడో వచ్చిన సి-ఏరీస్ ఉంది, 2018 నాటి 1.14. డెబియన్ చూసింది: సి-ఏరీస్ కావాలన్నాడు, ఉంది, సైజూ రెండే. సరే అంది.

మా ప్రోగ్రామ్ పతా అడగడానికి వాడే ఫంక్షన్ 2020లో వచ్చిన 1.16లో చేరింది. 1.14లో అది లేదు.

ఇంకో సంగతి వినండి. ప్రోగ్రామ్ మొదలవగానే లైబ్రరీలోని ప్రతి ఫంక్షనూ ఉందా లేదా అని చూసుకోదు. అవసరం పడినప్పుడే వెతుక్కుంటుంది. కాబట్టి శనివారం సాయంత్రం అక్కడి అమ్మాయి ప్రోగ్రామ్ తెరిచి చూస్తే చక్కగా తెరుచుకుంది. ఫోన్ చేసి "వచ్చింది సార్" అంది, నేను "షుక్రియా అమ్మా" అన్నాను, ఆమె షట్టర్ దించి వెళ్ళిపోయింది. మొదటిసారి పతా వెతకాల్సి వచ్చిన క్షణంలో ప్రోగ్రామ్ చచ్చిపోయింది. సోమవారం పొద్దున దాకా ఎవరికీ ఖబర్ లేదు.

సోమవారం పొద్దున్నే ఒక పెద్దాయన రిపోర్టు కోసం వచ్చాడు. పక్క పల్లె నుంచి మొదటి బస్సెక్కి. రిపోర్టు రాలేదు. మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చున్నాడు. డాక్టర్ వెళ్ళిపోయే టైమ్ అయింది, అప్పుడు తిరిగి ఊరెళ్ళాడు. మంగళవారం మళ్ళీ రావాల్సి వచ్చింది. నేను విషయం పట్టుకుని 1.19.1 పంపేసరికి సోమవారం సాయంత్రం నాలుగు. ప్రాణం మీదికి రాలేదు, అది మా నసీబ్. కానీ రెండో రోజు కూడా బస్సెక్కాడు ఆయన.

మంగళవారం ఆయన వచ్చినప్పుడు ఫోన్ ఇమ్మని ఆ అమ్మాయికి చెప్పాను. "తాతా, నిన్న రిపోర్టు రాకపోవడం నా తప్పు" అన్నాను. ఆయన నవ్వాడు. "మిషన్లన్నాక అట్టాగే ఉంటాయిలే బాబూ" అన్నాడు.

తిట్టి ఉంటే తసల్లీగా ఉండేది. మిషన్ ఏ తప్పూ చేయలేదు. నేను రాసింది రాసినట్టు నమ్మింది, అంతే. నా గల్తీని తీసి మిషన్ నెత్తిన పెట్టి, నాకు మాఫీ ఇచ్చేశాడు ఆయన. మనం రోజూ బ్యాంకుల్లో, ఆఫీసుల్లో వినే "సర్వర్ డౌన్" అనే మాట వెనక ఎంతమంది నాలాంటివాళ్ళు దాక్కుని ఉన్నారో అనిపించింది.

ఆ వారం ఊరెళ్ళాను. దుకాణంలో అబ్బా పక్కన స్టూలు మీద కూర్చుని ఇదంతా చెప్పాను. మధ్యలో ఎవరో వచ్చి ఎరుపు గాజులు అడిగితే ఇచ్చాడు, డబ్బులు గల్లాలో వేశాడు, మళ్ళీ నావైపు తిరిగాడు. చివర్లో అడిగాడు:

"డబ్బే పే క్యా లిఖ్యా రే?"

డబ్బా మీద ఏం రాశావని.

"సైజు రాశానబ్బా."

"గిన్తీ?"

రాయలేదు.

ఆయన ఇంకేమీ అనలేదు. అనాల్సిన అవసరం లేదు, ఇద్దరికీ ఒకే సంగతి యాదికొచ్చింది. నాకు పన్నెండేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో గాజులు డబ్బాల్లో సర్దే పని నాది. గాజుల సైజు 2.4, 2.6 అని ఉంటుంది, 2.4 అంటే రెండంగుళాల మీద నాలుగు పదహారోవంతులు. అబ్బా ప్రతి డబ్బా మీదా సైజూ, ఎన్ని గాజులున్నాయో ఆ గిన్తీ, రెండూ రాయించేవాడు. నాకు తొందర. సైజు రాసి, గిన్తీ రాయకుండా వదిలేసేవాణ్ణి. ఒకరోజు సీమంతానికని ఎవరో నాలుగు డజన్లు తీసుకెళ్ళారు. ఒక డబ్బాలో పదే ఉన్నాయి. అబ్బాకి రాత్రి హిసాబ్ చూసుకుంటుంటే రెండు గాజులు మిగిలి దొరికిపోయింది. పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కించాడు. రెండు గాజులు జేబురుమాలులో చుట్టి నా చేతికిచ్చాడు. ఆ ఊరు చేరి, ఇల్లు కనుక్కుని, ఆ ఇంటావిడ చేతిలో నాచేతే పెట్టించాడు. బస్సు ఛార్జీలు ఆ రెండు గాజుల ఖరీదు కంటే ఎక్కువ. తిరుగుదారిలో ఒక్కమాట అన్నాడు. డబ్బా కొనేవాడు విప్పి చూడడు బేటా, మన రాతే చూస్తాడు.

పాతికేళ్ళ తర్వాత అదే తప్పు చేశాను, ఇంకాస్త ఖరీదైన డబ్బాతో.

హైదరాబాద్ వెళ్ళగానే మొదట చేసిన పని ఏమిటంటే, గిన్తీ రాయడం. డెబియన్‌లో దానికి ఒక ఫైలు ఉంది. లైబ్రరీలో ఉన్న ప్రతి ఫంక్షన్ పేరూ, దాని పక్కన అది ఏ వెర్షన్‌లో చేరిందో ఆ నంబరూ వరసగా ఉంటాయి. దాన్ని చూసుకుని, ఏ ప్రోగ్రామ్ ఏ ఫంక్షన్ వాడుతుందో యంత్రమే లెక్కగట్టి, "1.16 లేదా ఆపైన కావాలి" అని తనే రాసుకుంటుంది. నేను విసుక్కుని పక్కన పెట్టింది ఈ హిసాబునే. రాసి, పెన్‌డ్రైవ్ మీద ప్రోగ్రామ్ ఒక్కటే పెట్టి, 1.14 ఉన్న మెషీన్‌లో వేసి చూశాను. ఈసారి డెబియన్ ససేమిరా అంది. ఒక యంత్రం "కుదరదు" అంటే అంత ఇత్మీనాన్ నాకు ఎప్పుడూ కలగలేదు.

తర్వాత మార్పుల కాగితం తెరిచాను. ప్యాకేజీ మళ్ళీ కట్టిన ప్రతిసారీ అందులో కొత్త పద్దు రాయాలి. కింద పేరు, తారీఖు, టైమ్ ఉండాలి. "చిన్న సవరణలు" అని రాస్తే ఎవరూ అడగరు, చాలామంది అలాగే రాస్తారు. నేను ఉన్నదున్నట్టు రాశాను: కావాల్సిన వెర్షన్ రాయడం మరిచిపోయాను, దానివల్ల ఒక బ్రాంచిలో ప్రోగ్రామ్ ఆగిపోయింది, ఇప్పుడు సరిచేశాను. కింద నా పేరు. ఆ ప్యాకేజీ ఏ మెషీన్‌లోకి వెళ్తే ఆ గవాహీ కూడా దాని వెంటే వెళ్తుంది.

ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి ప్యాకేజీలు కట్టడం నేనే నేర్పుతున్నాను. వాళ్ళ మొహాల్లో నా పాత మొహమే కనిపిస్తుంది, ఇదేం పని అన్నట్టు. నేను లెక్చర్ ఇవ్వను. 1.14 ఉన్న ఆ పాత మెషీన్‌ని బ్రాంచి నుంచి తెప్పించి పెట్టుకున్నాను. దాని మీద ఇన్‌స్టాల్ చేసి చూపించమంటాను.

మొన్న పండక్కి ఊరెళ్తే అబ్బాకి చూపు తగ్గింది. డబ్బాలు తడిమి సైజు చెప్పేస్తున్నాడు గానీ, రాయడానికి చెయ్యి వణుకుతోంది. స్కెచ్ పెన్ను నా చేతికిచ్చాడు. అమ్మీ లోపల్నుంచి ఖానాకి పిలుస్తూనే ఉంది. ఒక్కో డబ్బా విప్పి, లెక్కపెట్టి, మూసి, రాశాను. 2.6, పన్నెండు. 2.4, పన్నెండు. ఒకదాంట్లో పదకొండే ఉన్నాయి, పదకొండు అనే రాశాను.